పాఠకుల ప్రశ్నలు – జవాబులు: మొక్కల యాంటీఆక్సిడెంట్లు సీసాలో ఎంతకాలం నిలుస్తాయి?

మొక్కల నుంచి తీసిన యాంటీఆక్సిడెంట్లు కలిపిన సీరమ్‌ల గురించి, క్రీముల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకే అర్థం వచ్చేవాటిని కలిపి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. చర్మవ్యాధుల గురించి అడిగినవాటిని పక్కన పెట్టాం. చర్మాన్ని చూడకుండా వాటికి సలహా చెప్పడం సరికాదు.

ప్రశ్న: 15 శాతం విటమిన్ సి ఉందని పైన రాసిన సీరమ్ కొన్నాను. తెరిచిన రోజు మంచినీళ్లలా తేటగా ఉంది. కొన్నాళ్లకు లేత పసుపు రంగుకు తిరిగింది, ఇప్పుడు ముదురు గోధుమ రంగులో ఉంది. డబ్బా మీద గడువు తేదీకి ఇంకా ఏడాది ఉంది. వాడవచ్చా, పారేయాలా?

జవాబు: పారేయండి. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కింద వచ్చే ప్రశ్నలన్నిటికీ ఇదే మూలం.

యాంటీఆక్సిడెంట్ అంటే తన ఎలక్ట్రాన్‌ను సులువుగా వదులుకునే పదార్థం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడినప్పుడు అక్కడ ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటికి ఎలక్ట్రాన్ కొరత ఉంటుంది. ఆ కొరతను కణాల పొరల్లోని కొవ్వుల నుంచి, ప్రోటీన్ల నుంచి, చివరికి డీఎన్ఏ నుంచి లాక్కొని తీర్చుకుంటాయి. విటమిన్ సి, అంటే ఎల్-ఆస్కార్బిక్ ఆమ్లం, తన ఎలక్ట్రాన్‌ను ముందుగానే అందించి ఆ దోపిడీని ఆపుతుంది. అయితే అడిగింది ఎవరన్నది దానికి పట్టదు. చర్మంలోని రాడికల్ అడిగినా ఇస్తుంది, సీసాలో చేరిన గాలిలోని ఆక్సిజన్ అడిగినా ఇస్తుంది. చర్మానికి మేలు చేసే గుణమూ సీసాలో చెడిపోయే గుణమూ వేర్వేరు కావు, రెండూ ఒకటే.

ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఆస్కార్బిక్ ఆమ్లం డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ దశ దాకా వెనక్కి తిరిగే దారి ఉంది. నీటిలో మరికొంతసేపు ఉంటే దాని వలయం తెగిపోయి డైకీటోగులోనిక్ ఆమ్లం ఏర్పడుతుంది. అక్కడి నుంచి తిరుగు ప్రయాణం లేదు. ఆ తర్వాత పుట్టే చిన్న చిన్న ముక్కలు కలిసి మీరు చూసిన గోధుమ రంగును తెస్తాయి. వాటిలో ఒకటైన ఎరిథ్రులోజ్ చర్మం పైపొరలోని ప్రోటీన్లతో కలిసి రంగు పుట్టిస్తుంది. ఎండ లేకుండానే చర్మాన్ని గోధుమ రంగుకు తెచ్చే క్రీముల్లో వాడే పదార్థాల్లో ఇదొకటి. రంగు తేలాలని రాసుకున్న సీరమ్ ముఖం మీదా వేళ్ల మీదా మరక మిగల్చడానికి కారణం ఇదే.

గడువు తేదీ మూత తీయని సీసాకు వర్తిస్తుంది. మూత తీసిన తర్వాత లెక్క వేరు. చాలా డబ్బాల మీద మూత తెరిచిన చిన్న గిన్నె బొమ్మ, దానిలో 6 లేదా 12 అంకె కనిపిస్తాయి. తెరిచిన తర్వాత ఎన్ని నెలలు వాడవచ్చో అది చెబుతుంది. డ్రాపర్ సీసాలో నీటిలో కరిగించి ఇచ్చే ఆస్కార్బిక్ ఆమ్లం విషయంలో ఆ అంకె కన్నా రంగునే ఎక్కువ నమ్మండి. లేత పసుపు వరకు ఫరవాలేదు, శక్తి కొంత తగ్గి ఉంటుంది. నారింజ రంగు దాటితే ఆపేయాలి. కొన్ని సీరమ్‌లు కలిపిన మొక్కల సారం వల్ల తెరిచిన రోజే పసుపుగా ఉంటాయి కాబట్టి, మొదటి రోజున్న రంగుతో పోల్చి చూసుకోవాలి.

ప్రశ్న: కొన్ని సీసాల మీద "స్థిరీకరించిన విటమిన్ సి" అనీ, "స్థిరీకరించిన మొక్కల యాంటీఆక్సిడెంట్లు" అనీ రాస్తున్నారు. స్థిరీకరించడం అంటే అసలు ఏం చేస్తారు?

జవాబు: ఆ మాటకు చట్టపరమైన నిర్వచనమేదీ లేదు. దాని వెనుక ఉన్న పనులు నాలుగైదు రకాలు, ఒక్కొక్కదాని బలం ఒక్కో తీరు.

మొదటిది ఆమ్లత్వాన్ని సరిచూడటం. ఆస్కార్బిక్ ఆమ్లం పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ) 3.5 కన్నా తక్కువ ఉన్న ద్రావణంలో ఎక్కువగా విద్యుదావేశం లేని రూపంలో ఉంటుంది. ఆ రూపమే కొంత నిలకడగా ఉంటుంది, చర్మంలోకి వెళ్లేదీ అదే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్య నిపుణుడు షెల్డన్ పినెల్, ఆయన సహచరులు పంది చర్మం మీద చేసి 2001లో ప్రచురించిన ప్రయోగాలు ఈ రంగానికి ఇప్పటికీ ఆధారంగా ఉన్నాయి. పీహెచ్ 3.5 కన్నా తక్కువ ఉండాలనీ, గాఢత 20 శాతం దాటితే ప్రయోజనం పెరగదనీ, చర్మంలో చేరిన విటమిన్ సి సగానికి తగ్గడానికి సుమారు 4 రోజులు పడుతుందనీ అవి తేల్చాయి. ఈ చివరి అంశాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పరు. ఒక రోజు రాసుకోవడం మరిచిపోతే కొంపలేమీ మునగవన్నమాట.

రెండోది తోడు చేర్చడం. 2005లో అదే బృందం 15 శాతం విటమిన్ సి, 1 శాతం విటమిన్ ఇ ఉన్న ద్రావణానికి 0.5 శాతం ఫెరూలిక్ ఆమ్లం కలిపి చూసింది. ద్రావణం నిలకడ పెరిగింది. పంది చర్మం మీద అతినీలలోహిత కిరణాల నుంచి దొరికే రక్షణ 4 రెట్ల నుంచి 8 రెట్లకు చేరింది. ఫెరూలిక్ ఆమ్లం ధాన్యపు మొక్కల కణాల గోడల్లో ఉంటుంది. 1866లో దీన్ని మొదట ఇంగువ జాతి మొక్క జిగురు నుంచి వేరుచేశారు. కాంతిని కొంత తానే పీల్చుకుంటుంది, రాడికల్స్‌ను కొంత తానే ఎదుర్కొంటుంది, తాను రాడికల్‌గా మారినా ఆ ఎలక్ట్రాన్ లోటును తన వలయమంతటా పరుచుకొని స్థిమితంగా ఉండగలుగుతుంది. ఇక విటమిన్ ఇ కొవ్వులో కరిగేది, విటమిన్ సి నీటిలో కరిగేది. కణపు పొరలో విటమిన్ ఇ ఎలక్ట్రాన్ కోల్పోతే విటమిన్ సి దాన్ని తిరిగి నింపుతుంది. మూడూ కలిస్తే బలం కూడికలా కాక హెచ్చవేతలా పెరగడానికి ఇదే కారణం. ఆ ఫలితాల మీద వ్యాపారమూ నడిచిందన్న సంగతి మనసులో ఉంచుకోవాలి. అయినా దీని వెనుక ఉన్న రసాయన శాస్త్రం గట్టిది.

మూడోది శత్రువులను తగ్గించడం. రాగి, ఇనుము అయాన్లు లేశమాత్రం ఉన్నా ఆక్సీకరణను ఎన్నో రెట్లు వేగవంతం చేస్తాయి కాబట్టి, వాటిని పట్టి ఉంచే ఈడీటీఏ వంటి పదార్థాలను కొద్దిగా కలుపుతారు. నీటిని పూర్తిగా తీసేసి విటమిన్ సి పొడిని సిలికోన్‌లో కలపడం మరో పద్ధతి. అలాంటివి రాసుకుంటే కొంచెం గరుకుగా తగులుతాయి. గాలి వెనక్కి చొరబడని పంపు, కాంతిని ఆపే సీసా కూడా స్థిరీకరణలో భాగమే. నిజానికి చాలా ఉత్పత్తుల విషయంలో సీసాకు పెట్టిన ఖర్చు లోపలి దినుసులకు పెట్టిన ఖర్చు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పారదర్శకమైన గాజు డ్రాపర్ సీసాలో నీటిలో కరిగించిన విటమిన్ సి కనిపిస్తే, ఆ సీసాను ఎంచుకున్నవారికి అందం మీదున్న శ్రద్ధ రసాయనం మీద లేదని అర్థం.

నాలుగోది అణువును మరో గూటిలో ఉంచడం. పిండిపదార్థం నుంచి తయారయ్యే సైక్లోడెక్స్‌ట్రిన్లలో గ్లూకోజ్ ముక్కలు వలయంగా కూర్చుని ఉంటాయి. నడుమ ఉన్న బోలుభాగం నీటిని ఇష్టపడదు కాబట్టి రెస్వెరట్రాల్ అనే మొక్కల యాంటీఆక్సిడెంట్ వంటి అణువులు దానిలో చేరి కాంతికీ గాలికీ కొంత దూరమవుతాయి. లైపోజోములు ఫాస్ఫోలిపిడ్‌లతో ఏర్పడే అతిచిన్న బుడగలు. చర్మం మీద ఇవి పనిచేయగలవు గానీ, లైపోజోమ్ అన్న పేరు వినగానే మందు లోతుగా దిగుతుందని నమ్మనక్కరలేదు. చాలావరకు అవి పైపొరలోనే విడిపోతాయి.

అయిదోది అణువునే మార్చడం. దాని గురించి తర్వాతి ప్రశ్న వచ్చింది.

ప్రశ్న: ఆస్కార్బిల్ గ్లూకోసైడ్, మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, ఆస్కార్బిల్ పామిటేట్ అని రకరకాల పేర్లు చూస్తున్నాను. ఇవన్నీ విటమిన్ సి అనే అంటున్నారు. అసలు దాని కన్నా ఇవి మెరుగైనవా?

జవాబు: ఆస్కార్బిక్ ఆమ్లం తన ఎలక్ట్రాన్లను ఇచ్చేది రెండో, మూడో కార్బన్ల దగ్గరున్న రెండు హైడ్రాక్సిల్ సమూహాల నుంచి. ఆ చోట ఏదైనా అడ్డం పెడితే గాలికి ఎలక్ట్రాన్ ఇవ్వలేదు, చెడిపోదు. ఫాస్ఫేట్ రకాల్లోనూ గ్లూకోసైడ్‌లోనూ రెండో కార్బన్ దగ్గర అడ్డు ఉంటుంది; ఇథైల్ ఆస్కార్బిక్ ఆమ్లంలో మూడో దగ్గర. అందుకే ఇవి తటస్థానికి దగ్గరగా ఉన్న పీహెచ్‌లో కూడా నెలల తరబడి రంగు మారకుండా ఉంటాయి, చర్మాన్ని మండించవు.

కానీ మూత బిగించిన కలం ఎండిపోదు, రాయదు కూడా. ఆ అడ్డు తొలగేదాకా ఈ అణువులు చర్మానికి యాంటీఆక్సిడెంట్‌గా పెద్దగా పనికిరావు. ఫాస్ఫేట్‌ను చర్మంలోని ఫాస్ఫటేజ్ ఎంజైములు, గ్లూకోజ్‌ను గ్లూకోసిడేజ్ ఎంజైములు తొలగించాలి. ఎంత శాతం తొలగుతుందన్నది, అసలు అంత లోపలికి ఎంత చేరుతుందన్నది ప్రతి ఉత్పత్తికీ మారుతుంది. పైన చెప్పిన 2001 ప్రయోగాల్లో మెగ్నీషియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్, ఆస్కార్బిల్ పామిటేట్ రెండూ పంది చర్మంలో విటమిన్ సి మోతాదును పెంచలేకపోయాయి. అంతమాత్రాన ఇవి వ్యర్థమని తీర్పు ఇవ్వలేం. సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ మొటిమల విషయంలో కొంత ఉపయోగం చూపింది. మెగ్నీషియం రకం మచ్చల రంగు తగ్గించడంలో చిన్న స్థాయి ప్రయోగాల్లో కొంత ఫలితమిచ్చింది. అయితే ఆస్కార్బిక్ ఆమ్లం వెనుకనున్న ఆధారంతో తూచితే వీటి తక్కెడ తేలిపోతుంది.

ఆస్కార్బిల్ పామిటేట్ సంగతి మరీ విచిత్రం. దీనిలో కొవ్వు ఆమ్లం అతికింది ఆరో కార్బన్ దగ్గర. అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చే రెండు చోట్లూ తెరిచే ఉన్నాయి. నూనెలో కరగడానికి ఇది వీలు కల్పిస్తుంది తప్ప ఆక్సీకరణ నుంచి అణువును కాపాడదు. కాబట్టి ఉత్పన్నం (అసలు అణువును కొద్దిగా మార్చి చేసినది) అన్న ఒక్క మాట చూసి స్థిరమైనదని అనుకోవడం పొరపాటు. అడ్డు ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం.

మీ చర్మం ఆమ్లాన్ని తట్టుకుంటుంది, సీసాను మూడు నెలల్లో ఖాళీ చేయగలరు అనుకుంటే ఆస్కార్బిక్ ఆమ్లాన్నే ఎంచుకోండి. మంట, ఎరుపు వస్తుంటే గ్లూకోసైడ్, ఫాస్ఫేట్ రకాలు తీసుకోండి, ఫలితం నెమ్మదిగా రావచ్చు, తక్కువగా రావచ్చు.

ప్రశ్న: విటమిన్ ఇ అని రాసిన క్రీముల్లో కొన్నిటిలో టోకోఫెరాల్ అనీ, కొన్నిటిలో టోకోఫెరిల్ అసిటేట్ అనీ ఉంది. తేడా ఉందా?

జవాబు: ఉంది, పై జవాబులో చెప్పిన తేడాయే. టోకోఫెరాల్‌లో పని చేసే హైడ్రాక్సిల్ తెరిచి ఉంటుంది. క్రీములోని నూనెలు కంపు కొట్టకుండా ఇది కాపాడుతుంది, ఆ పనిలో తానే ఖర్చవుతుంది. అసిటేట్ రకంలో ఆ హైడ్రాక్సిల్ మూసి ఉంటుంది, అందువల్ల అది చెడిపోదు. సీసాలో ఉన్నంతసేపు అది యాంటీఆక్సిడెంటే కాదు. చర్మంలోని ఎస్టరేజ్ ఎంజైములు దాన్ని నెమ్మదిగా, కొంతమేరకే విడదీస్తాయి. ధర తక్కువ, నిలవ ఎక్కువ కాబట్టి తయారీదారులు అసిటేట్‌నే ఎక్కువగా ఎంచుకుంటారు.

ప్రశ్న: "మా గ్రీన్ టీ సారం విటమిన్ సి కన్నా ఎన్నో రెట్లు శక్తిమంతమైనది" అన్న ప్రకటన చూశాను. ఆ సంఖ్యలు ఎలా లెక్కిస్తారు? నమ్మవచ్చా?

జవాబు: లెక్క అబద్ధం కాకపోవచ్చు, దాని నుంచి తీసిన అర్థం మాత్రం నిలబడదు. ప్రయోగశాలలో డీపీపీహెచ్ అనే ఊదా రంగు రాడికల్ ద్రావణంలో సారాన్ని కలిపి, రంగు ఎంత త్వరగా పసుపుకు మారుతుందో కొలుస్తారు. ఓరాక్ అనేది ఇంకో పద్ధతి. ఈ పరీక్షల్లో చర్మం లేదు, సారం పైపొరను దాటాల్సిన అవసరం లేదు, సీసాలో ఆరు నెలలు గడపాల్సిన పని లేదు. ఆహార పదార్థాల ఓరాక్ విలువల పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు తన వెబ్‌సైటులో ఉంచింది. ఆ అంకెలకు శరీరంలో కలిగే ప్రభావంతో సంబంధం లేదనీ, కంపెనీలు వాటిని ప్రకటనలకు దుర్వినియోగం చేస్తున్నాయనీ చెప్పి 2012లో తొలగించింది. తిండికే చెల్లని కొలమానం ముఖానికి రాసే క్రీముకు ఎలా చెల్లుతుందో ప్రకటన రాసినవారే చెప్పాలి.

గ్రీన్ టీలో ప్రధానమైనది ఈజీసీజీ. ఇది పాలీఫినాల్ అనే మొక్కల పదార్థాల కుటుంబానిది. నిజంగానే బలమైన యాంటీఆక్సిడెంట్. దాని అణుభారం 458. ఆస్కార్బిక్ ఆమ్లానిది 176. అణుభారం 500 దాటిన పదార్థాలు ఆరోగ్యమైన చర్మపు పైపొరను దాటడం కష్టమని పరిశోధకులు 2000లో ప్రతిపాదించిన సూత్రం ఒకటి ఉంది. ఈజీసీజీ ఆ హద్దుకు చేరువలోనే ఉంది, పైగా నీటిని ఎక్కువగా ఇష్టపడుతుంది. ఆమ్ల మాధ్యమంలో కొంత నిలుస్తుంది, తటస్థానికి చేరేసరికి త్వరగా ఆక్సీకరణ చెంది గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుచేత గ్రీన్ టీ సారం కలిపిన క్రీము తెల్లగా మెరిసిపోతూ ఏళ్ల తరబడి ఉంటే రెండే కారణాలు కావచ్చు: చాలా జాగ్రత్తగా తయారుచేసి ఉండాలి, లేదా చెడిపోవడానికి తగినంత ఈజీసీజీ దానిలో లేకనైనా పోవాలి.

రెండోదే ఎక్కువ. మొక్క సారం అంటే మొక్క నుంచి లాగిన పదార్థాలు కలిసిన నీరో, గ్లిసరినో, గ్లైకాలో. వంద చుక్కల సారంలో అసలు పాలీఫినాల్ ఎంతుందో పేరు చెప్పదు. చాలా దేశాల నిబంధనల ప్రకారం దినుసులను పరిమాణం ఎక్కువైనవి ముందుగా వరుసలో రాయాలి, 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలో రాసినా చెల్లుతుంది. సంరక్షకాలు, పరిమళ ద్రవ్యాల పక్కన పదిహేను మొక్కల పేర్లు కనిపిస్తే అవి అన్నీ కలిపి ఒక్క శాతం కూడా ఉండకపోవచ్చు. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఒకే మొక్క పేరు రాసి, అందులోని ముఖ్య పదార్థం ఇంత శాతం ఉండేలా ప్రమాణీకరించామని చెప్పే తయారీదారు పదిహేను పేర్లు రాసినవారి కన్నా నమ్మదగినవారు.

ప్రశ్న: పసుపు సారం అంటారు, క్రీము మాత్రం తెల్లగా ఉంటుంది. ఎలా?

జవాబు: పసుపులోని ముఖ్య పదార్థమైన కర్క్యుమిన్‌ది ముదురు పసుపు రంగు. అది తటస్థ ద్రావణంలో ఎంత అస్థిరమో చూడండి: పీహెచ్ 7.2 దగ్గర మారకుండా నిలిపి ఉంచిన ద్రావణంలో, శరీర ఉష్ణోగ్రత దగ్గర, అరగంటలో సుమారు 90 శాతం విచ్ఛిన్నమవుతుందని 1997లో ప్రచురితమైన ప్రయోగం చూపింది. కాంతికీ తట్టుకోదు. అందుకే తయారీదారులు దానికి హైడ్రోజన్ చేర్చి టెట్రాహైడ్రోకర్క్యుమిన్‌గా మారుస్తారు. రంగుకు కారణమైన జంట బంధాల వరుస తెగిపోవడంతో రంగు పోతుంది, నిలకడ వస్తుంది, యాంటీఆక్సిడెంట్ గుణం మాత్రం మిగులుతుంది. రెస్వెరట్రాల్‌కు ఈ సౌలభ్యం లేదు. అతినీలలోహిత కాంతి పడితే ట్రాన్స్ రూపం నుంచి పనితనం తక్కువైన సిస్ రూపానికి మారిపోతుంది కాబట్టి, అది కలిపినవాటిని రాత్రి వాడమని సూచించడంలో అర్థం ఉంది.

ప్రశ్న: మొక్కల నుంచే వచ్చినది వాడాలని నా పట్టుదల. సీసాలో ఉన్న విటమిన్ సి నారింజ నుంచి తీసినదేనా?

జవాబు: కాదు. పారిశ్రామికంగా ఆస్కార్బిక్ ఆమ్లాన్ని గ్లూకోజ్ నుంచి, కొంత సూక్ష్మజీవుల కిణ్వన ప్రక్రియతో, కొంత రసాయన చర్యలతో తయారుచేస్తారు. 1930ల్లో రసాయన శాస్త్రవేత్త రైచ్‌స్టీన్ రూపొందించిన పద్ధతితో ఇది మొదలైంది. గ్లూకోజ్ మొక్కల పిండిపదార్థం నుంచి వస్తుంది కాబట్టి మొక్కలదేనని అనుకుంటే అభ్యంతరం లేదు. నారింజలోని అణువుకూ ఈ అణువుకూ ఏ తేడా లేదు, చర్మం గుర్తుపట్టగలిగేంతటిది అసలే లేదు.

విటమిన్ ఇ విషయంలో తేడా నిజంగా ఉంది. వంటనూనెల శుద్ధిలో మిగిలే భాగం నుంచి తీసే సహజ ఆల్ఫా టోకోఫెరాల్ ఒకే ఆకృతిలో ఉంటుంది. కృత్రిమంగా చేసినదానిలో ఎనిమిది ఆకృతుల మిశ్రమం ఉంటుంది. శరీరం లోపల సహజ రూపానికే మొగ్గు. ఫెరూలిక్ ఆమ్లాన్ని తవుడు నూనె శుద్ధిలో మిగిలే పదార్థం నుంచి తీస్తారు. రెస్వెరట్రాల్ పేరు చెప్పి ద్రాక్షగుత్తి బొమ్మ వేస్తారు గానీ, వ్యాపారానికి పనికొచ్చేంత రెస్వెరట్రాల్ ఎక్కువగా జపాన్ నాట్‌వీడ్ అనే మొండి కలుపు మొక్క వేళ్ల నుంచి వస్తుంది. ఆ మొక్క బొమ్మ వేస్తే సీసా అమ్ముడుపోదని వారి భయం.

ప్రశ్న: ఇంట్లోనే క్రీము చేసుకుంటాను. చెడిపోకుండా విటమిన్ ఇ క్యాప్సూల్ ఒకటి కలుపుతాను. చాలునా?

జవాబు: చాలదు, ఇది ప్రమాదకరమైన అపోహ. విటమిన్ ఇ, రోజ్‌మేరీ సారం నూనెలను ఆక్సీకరణ నుంచి కాపాడతాయి. సూక్ష్మజీవులను అవి ఆపలేవు. నీరు కలిసిన ఏ క్రీములోనైనా సంరక్షకం లేకపోతే కొద్ది రోజుల్లోనే బాక్టీరియా, బూజు పెరుగుతాయి. కంటికి కనిపించేసరికి ఎంతో ముందే పెరిగి ఉంటాయి. నీరు అసలు కలపని నూనె లేపనమైతే విటమిన్ ఇ కలపడం సరైన పనే. నీరు కలిపితే మాత్రం అధీకృత సంరక్షకాన్ని సరైన మోతాదులో కలపాలి, లేదా ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు రోజుల్లో అవగొట్టాలి.

ప్రశ్న: మచ్చ మీద విటమిన్ ఇ క్యాప్సూల్ పగలగొట్టి రాయమని ఒకరు, నిమ్మరసం రాస్తే విటమిన్ సి దొరుకుతుందని మరొకరు చెప్పారు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. 1999లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, శస్త్రచికిత్స మచ్చల మీద విటమిన్ ఇ రాసినవారిలో చాలామందికి మచ్చ మెరుగుపడలేదు, సుమారు మూడింట ఒక వంతు మందికి స్పర్శ వల్ల వచ్చే చర్మశోథ వచ్చింది. నిమ్మరసంలో విటమిన్ సి సుమారు 0.05 శాతం. సీరమ్‌లలో ఉండేది 10 నుంచి 20 శాతం. అంటే మచ్చకు ఉపయోగపడేంత విటమిన్ సి దానిలో లేదు. చర్మాన్ని కాల్చేంత ఆమ్లం మాత్రం ఉంది. పైగా నిమ్మజాతి పండ్లలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకూమరిన్లు ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, ఆ తర్వాత నెలల తరబడి పోని నల్లటి మచ్చలు వస్తాయి. ఉన్న మచ్చ పోగొట్టబోయి కొత్తది తెచ్చుకోవడమే అవుతుంది.

ప్రశ్న: మొక్కల నుంచి వచ్చినవి కాబట్టి వీటితో అలర్జీ రాదనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. లినలూల్, లిమొనీన్ అనే సువాసన పదార్థాలను చూడండి. తాజాగా ఉన్నప్పుడు వీటితో ఇబ్బంది తక్కువ. గాలికి ఆక్సీకరణ చెంది హైడ్రోపెరాక్సైడ్‌లుగా మారినప్పుడు అలర్జీ కారకాలవుతాయి. పాత పడిన సుగంధ తైలాలు చర్మానికి పడకపోవడానికి ఇదొక కారణం. ఏ కొత్త సీరమ్‌నైనా ముంజేతి లోపలి వైపు కొద్దిచోట వరుసగా కొన్ని రోజులు రాసి, దురద గానీ ఎరుపు గానీ లేదని చూశాకే ముఖానికి వాడండి.

ప్రశ్న: బావంచాల నుంచి తీసే బకుచియోల్‌ను, ముడతలకు వాడే విటమిన్ ఎ రూపమైన రెటినాల్‌కు బదులుగా వాడవచ్చంటున్నారు. అది కూడా యాంటీఆక్సిడెంటేనా?

జవాబు: అవును, రెటినాల్‌తో పోలిస్తే కాంతిని బాగా తట్టుకుంటుంది కూడా. 2019లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 44 మంది 12 వారాల పాటు పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు రాసిన 0.5 శాతం బకుచియోల్, రోజుకు ఒకసారి రాసిన 0.5 శాతం రెటినాల్ ముడతల విషయంలోనూ రంగు విషయంలోనూ దాదాపు సమానమైన ఫలితమిచ్చాయి, పొట్టు రేగడం, మంట రెటినాల్ వైపే ఎక్కువగా కనిపించాయి. ఒక్క ప్రయోగం మీద పెద్ద భవనం కట్టకూడదు. బావంచాల ముడి నూనెను మాత్రం ముఖానికి రాయకండి. దానిలో సొరాలెన్ ఉంటుంది, అది పైన చెప్పిన ఫ్యూరోకూమరిన్ల కుటుంబానిదే. శుద్ధి చేసిన బకుచియోల్‌లో దాన్ని తొలగిస్తారు.

ప్రశ్న: విటమిన్ సి సీరమ్ ఫ్రిజ్‌లో పెట్టాలా? ఉదయం రాయాలా, రాత్రి రాయాలా? మొటిమల మందుతో కలిపి వాడవచ్చా?

జవాబు: ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే రసాయన చర్యల వేగం సుమారు సగానికి తగ్గుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. కాబట్టి నీటిలో కరిగించిన ఆస్కార్బిక్ ఆమ్లానికి ఫ్రిజ్ మంచిదే, మూత గట్టిగా బిగించి తలుపు దగ్గరి అరలో పెట్టండి. క్రీములకు అవసరం లేదు. చలికి కొన్ని విడిపోతాయి కూడా.

ఉదయం రాయడమే మేలు, ఎందుకంటే రాడికల్స్ ఎక్కువగా పుట్టేది ఎండలో. సన్‌స్క్రీన్ బయటి కాంతిని ఆపుతుంది, దాన్ని దాటి లోపలికి వచ్చిన కాంతి వల్ల పుట్టే రాడికల్స్‌ను యాంటీఆక్సిడెంట్ ఎదుర్కొంటుంది. సీరమ్ ముందు, అది ఆరాక సన్‌స్క్రీన్. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదని చెప్పేవారి మాట వినకండి. ముఖ్యంగా సన్‌స్క్రీన్ మానేసి సీరమ్ మీద ఆధారపడకూడదు.

మొటిమలకు వాడే మందు బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే అది స్వయంగా ఆక్సీకరణ చేసే పదార్థం. చర్మం మీద విటమిన్ సిని కలిసిందంటే దానిని అక్కడికక్కడే ఖర్చు చేసేస్తుంది. సీరమ్‌ను ఉదయానికి, ఆ మందును రాత్రికి ఉంచుకోండి. డాక్టరు ఇచ్చిన మందు అయితే వేళ మార్చే ముందు వారినే ఒకసారి అడగండి.